పాఠకుల ప్రశ్నలు – జవాబులు: వెలుగు పొంగే జంట తారలు

కిందటి సంచికలో జంట నక్షత్రాల గురించి రాస్తూ, కొన్ని జంటల్లో ఒక తార పక్కనున్న తార నుంచి పదార్థాన్ని లాగుకుంటుందని, అందువల్ల వాటి వెలుగు మారుతూ ఉంటుందని ఒకే వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాను. ఆ వాక్యం చాలలేదని విశాఖపట్నం పాఠకుల ఉత్తరాలు చూశాక అర్థమైంది. ఒకదానితో ఒకటి ముడిపడిన ఆరు ప్రశ్నలను వాటిలోంచి ఎంచుకొని, ఈసారి శీర్షిక మొత్తాన్ని ఈ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: నేను ఓడల కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యాను. చలికాలంలో రాత్రి భోజనం అయ్యాక మా డాబా మీద కాసేపు కూర్చోవడం అలవాటు. కృత్తికలకు ఉత్తరాన రోజూ చూసే నక్షత్రం ఒకటి ఒక రాత్రి బాగా మసకబారింది. మర్నాడు చూస్తే ఎప్పటిలాగే ఉంది. నక్షత్రాలు అలా మారవని మా మనవడు అంటున్నాడు. నాకు శుక్లాల ఆపరేషన్ అయింది కనుక ఇంట్లో అందరూ నా చూపునే అనుమానిస్తున్నారు. దోషం నా కంటిదేనా?
– ఒక పాఠకుడు, భీమిలి

జవాబు: మీ కంటిలో ఏ దోషమూ లేదు, మీ మనవడికి ఈ పేజీ చూపించండి. మీరు చెప్పిన చోటును బట్టి అది పర్సియస్ మండలంలోని ఆల్గాల్ అయి ఉండాలి. చెయ్యి చాపి వేళ్లు విప్పి కొలిస్తే కృత్తికలకు ఉత్తరంగా, కాస్త పడమరకు జరిగి, సుమారు జానెడు దూరంలో ఉంటుంది. ఆ తార 2 రోజుల 20 గంటల 49 నిమిషాలకు ఒకసారి మసకబారుతుంది. మామూలుగా 2.1 మాగ్నిట్యూడ్ ఉండేది దాదాపు అయిదు గంటల్లో 3.4కు దిగి, మరో అయిదు గంటల్లో మళ్లీ యథాస్థితికి చేరుకుంటుంది. మాగ్నిట్యూడ్ అంకె పెరిగితే వెలుగు తగ్గిందని అర్థం. అయిదు అంకెల తేడా వెలుగులో సరిగ్గా 100 రెట్ల తేడాకు సమానం. 1856లో ఈ కొలతను ప్రతిపాదించిన నార్మన్ పోగ్సన్ ఆ తరువాత మన మద్రాసు వేధశాలకు అధిపతిగా వచ్చి, చివరి వరకు అక్కడే పనిచేశారు. ఆయన లెక్క ప్రకారం చూస్తే, మీరు గమనించిన రాత్రి ఆల్గాల్ తన వెలుగులో దాదాపు మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. అంత తేడాను మామూలు కన్ను తేలికగానే పట్టుకుంటుంది.

మీరు చేసిన పనినే 1782 చలికాలంలో ఇంగ్లండులోని యార్క్ నగరంలో జాన్ గుడ్రిక్ అనే 18 ఏళ్ల యువకుడు చేశాడు. పసితనం నుంచే వినికిడి లేని ఆ కుర్రవాడు ప్రతి రాత్రీ కిటికీలోంచి ఆల్గాల్‌ను చుట్టుపక్కల తారలతో పోల్చి రాసుకుంటూ, అది క్రమం తప్పకుండా మసకబారుతుందని తేల్చాడు. ఏదో చీకటి వస్తువు దాని చుట్టూ తిరుగుతూ మధ్యమధ్య అడ్డు వస్తూ ఉండవచ్చని మరుసటి ఏడు రాయల్ సొసైటీకి తెలియజేశాడు. అది నిజమేనని వర్ణపటంలోని (తార వెలుగును రంగులుగా విడదీసినప్పుడు వచ్చే పట్టీలోని) రేఖల కదలికను కొలిచి హెర్మన్ ఫోగెల్ నిరూపించేసరికి 1889 వచ్చింది. గుడ్రిక్ 21 ఏళ్లకే చనిపోయాడు.

అయితే ఆల్గాల్ ఒక చిక్కును మిగిల్చింది. ఆ జంటలో ప్రకాశవంతమైన తార సూర్యుడికి మూడు రెట్లకు మించిన బరువుతో ఇంకా యౌవనంలో ఉంది. సూర్యుడి కంటే తేలికైన రెండో తార మాత్రం ఉబ్బిపోయి వార్ధక్యంలో పడింది. బరువైన తార తన ఇంధనాన్ని త్వరగా ఖర్చు చేసుకుని ముందుగా ముసలిదవుతుందన్నది నక్షత్రాల జీవితంలో మొదటి నియమం. ఒకే కాన్పులో పుట్టిన కవలల్లో తేలికైనది ముందు ఎలా ముసలిదైంది? ఇప్పుడు తేలికగా కనిపించేదే ఒకప్పుడు బరువైన తార అని, అది ఉబ్బినప్పుడు తన పదార్థంలో అధిక భాగాన్ని పక్కదానికి ధారపోసిందని 1950లలో జవాబు దొరికింది. రెండు చెరువుల మధ్య ఒకే గట్టు ఉండి, ఆ గట్టులో ఒక చోట పల్లం ఉందనుకోండి. ఒక చెరువు నిండి నీరు ఆ పల్లం ఎత్తుకు చేరిందంటే ఆపైన వచ్చే ప్రతి చుక్కా పక్క చెరువులోకే పోతుంది. జంట తారల్లో ప్రతి దానికీ గురుత్వాకర్షణ గీసిన అలాంటి ఎల్ల ఒకటి ఉంటుంది. 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త ఎడ్వర్డ్ రోష్ పేరు మీద దానిని రోష్ హద్దు అంటారు. ఉబ్బిన తార ఆ హద్దును నింపిన క్షణం నుంచి రెండు తారల మధ్య ఉన్న ఒకే ఒక బిందువు గుండా దాని వాయువు పక్కదాని వైపు జారుతుంది.

ప్రశ్న: అలా జారిన వాయువు నేరుగా రెండో తార మీద పడక, దాని చుట్టూ బిళ్ళలా ఎందుకు పరచుకుంటుంది? గురుత్వాకర్షణ లోపలికే కదా లాగేది?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ

జవాబు: కొన్ని జంటల్లో నేరుగానే పడుతుంది. ఆల్గాల్‌లో పదార్థాన్ని అందుకునే తార పెద్దది, రెంటి మధ్య ఎడం తక్కువ. అందుచేత ధార తిన్నగా వచ్చి దాని ఒంటికే తగులుతుంది, స్థిరమైన పెద్ద బిళ్ళకు అక్కడ చోటు లేదు. అందుకునేది శ్వేత కుబ్జమో, న్యూట్రాన్ తారో, కృష్ణబిలమో అయినప్పుడు కథ మారిపోతుంది. శ్వేత కుబ్జం అంటే ఇంధనం అయిపోయిన తారలో మిగిలిన, కుదించుకుపోయిన నడిభాగం. దాని బరువు సూర్యుడితో పోల్చదగినది, పరిమాణం మాత్రం భూమి అంత. గురి అంత చిన్నదైనప్పుడు ధార దానిని తాకకుండా పక్కనుంచి దాటిపోతుంది.

ఎందుకు దాటిపోతుందంటే, ఆ వాయువు నిలకడగా ఉన్న చోటు నుంచి రాలేదు. కక్ష్యలో వేగంగా తిరుగుతున్న తార నుంచి వచ్చింది. ఆ పక్కవాటు వేగం దాని వెంటే ఉంటుంది. భౌతికశాస్త్రంలో దీనిని కోణీయ ద్రవ్యవేగం అంటాం. దాన్ని ఎవరికైనా అప్పగించవచ్చు గానీ మాయం చేయడం కుదరదు. అందువల్ల ధార శ్వేత కుబ్జాన్ని చుట్టి వచ్చి, వెనుక వస్తున్న తన తోకనే ఢీకొని, క్రమంగా ఒక కడియంలా స్థిరపడుతుంది. గ్రహాల మాదిరే కడియంలో కూడా లోపలి అంచు వేగంగా, బయటి అంచు నెమ్మదిగా తిరుగుతాయి కనుక పక్కపక్క పొరలు ఒరుసుకుంటాయి. ఆ ఒరిపిడిలో లోపలి పొర తన కోణీయ ద్రవ్యవేగాన్ని బయటి పొరకు ఇచ్చి తాను లోపలికి జారుతుంది, పుచ్చుకున్న పొర బయటికి జరుగుతుంది. కడియం ఇలా రెండు వైపులా సాగి పలుచని బిళ్ళ అవుతుంది. దీన్నే శాస్త్రజ్ఞులు అక్రీషన్ డిస్క్ అంటారు. నేను బిళ్ళ అనే రాస్తాను.

పిండిమర దగ్గర నుంచి గోధుమపిండి డబ్బా తెచ్చేటప్పుడు దాని అడుగు పట్టుకొని చూడండి. చేతికి చుర్రుమంటుంది, మూత తీస్తే ఆవిరి వాసన వస్తుంది. గింజలు వేడిగా పోయలేదు, కింద మంట పెట్టలేదు; ఆ వేడంతా రాళ్ల మధ్య నలిగినప్పటి ఒరిపిడిదే. బిళ్ళలో జరిగేదీ ఆ జాతి మార్పే, దాని స్థాయి మాత్రం ఊహకు అందదు. శ్వేత కుబ్జం ఉపరితలానికి దగ్గరలో వాయువు సెకనుకు మూడు నాలుగు వేల కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది. పడుతున్న పదార్థం కోల్పోయే శక్తిలో సగం బిళ్ళ అంతటా వేడిగా, వెలుగుగా మారి వెళ్లిపోతుంది. మిగిలిన సగం తార ఉపరితలాన్ని తాకే సన్నని అంచులో అతినీలలోహిత కిరణాలుగా, ఎక్స్ కిరణాలుగా బయటపడుతుంది. న్యూట్రాన్ తార మీద పడే ఒక గ్రాము వాయువు, అదే గ్రాము హైడ్రోజన్ హీలియంగా మారినప్పుడు ఇచ్చే శక్తికి 20 రెట్లకు పైగా ఇస్తుంది. విశ్వంలో పదార్థం నుంచి శక్తిని పిండే మార్గాల్లో ఇంత సమర్థమైనవి బహు కొద్ది.

పిండిమర పోలికకు ఒక హద్దు ఉంది, దాన్ని చెప్పకపోతే తప్పు చెప్పినట్టే. పలుచని వాయువులో అణువుల మామూలు ఒరిపిడి ఈ పనికి ఏ మాత్రం చాలదు. దాన్నే నమ్ముకుంటే మనకు కనిపించే వేగంతో పదార్థం లోపలికి చేరదు. 1973లో నికొలాయ్ షకూరా, రషీద్ సున్యాయెవ్ అనే సోవియట్ శాస్త్రజ్ఞులు వాయువులోని అల్లకల్లోలమే ఈ ఒరిపిడికి కారణమని భావించి, దాని మూలాన్ని పక్కనపెట్టి, దాని బలాన్ని ఆల్ఫా అనే ఒకే అంకెలో ఇమిడ్చి లెక్కలు కట్టారు. ఆ అల్లకల్లోలం ఎక్కడి నుంచి వస్తుందో 1991లో స్టీవెన్ బాల్బస్, జాన్ హాలీ చూపించారు. బిళ్ళలో ఉండే బలహీనమైన అయస్కాంత క్షేత్రం లోపలి పొరకూ బయటి పొరకూ మధ్య స్ప్రింగులా సాగి, ముందు పోయేదాన్ని వెనక్కి, వెనుక పడేదాన్ని ముందుకు గుంజుతుంది. దానితో ప్రవాహం చెదిరి సుడులు తిరుగుతుంది. ఈ అస్థిరత గణితాన్ని 1959లో వెలిఖోవ్, 1960లో మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ వేరే సందర్భంలో ముందే రాసి పెట్టారు. దాన్ని బిళ్ళలకు అన్వయించడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

ప్రశ్న: హంస మండలంలోని ఎస్‌ఎస్ సిగ్ని అనే తార కొన్ని వారాలకు ఒకసారి ఉన్నట్టుండి వెలిగి మళ్లీ మామూలవుతుందని చదివాను. ధార నిలకడగా పడుతూ ఉంటే వెలుగు కూడా నిలకడగా ఉండాలి కదా?
– ఒక భౌతికశాస్త్ర ఉపన్యాసకురాలు, గాజువాక

జవాబు: ఈ ప్రశ్న మీదనే శాస్త్రజ్ఞులు రెండు పక్షాలుగా దశాబ్దాల పాటు వాదించుకున్నారు, కనుక కాస్త వివరంగా చెబుతాను.

ముందుగా నేను చూసింది. కొన్నేళ్ల కిందట ఒక నవంబరులో అనంతగిరి కొండల మీద రెండు రాత్రులు గడిపాను. మొదటి రాత్రి ఆరంగుళాల దూరదర్శినిలో ఎస్‌ఎస్ సిగ్ని కోసం వెతికితే, పటంలో చెప్పిన చోట, చూపును నేరుగా పెడితే మాయమై పక్కకు తిప్పితే మెరిసే ధూళికణం లాంటి చుక్క దొరికింది. రెండో రాత్రి అదే చోట దూరదర్శిని నిలిపి కన్ను పెట్టగానే, ఆ చిన్న క్షేత్రంలో కొట్టొచ్చినట్టు వెలుగుతున్న తార ఒకటి ఉంది. తప్పు చోట చూస్తున్నానేమోనని పటాన్ని రెండుసార్లు తిప్పి సరిచూసుకున్నాను. చోటు తప్పలేదు, తారే మారింది. 12వ మాగ్నిట్యూడ్ నుంచి 8వ మాగ్నిట్యూడ్‌కు, అంటే 40 రెట్ల వెలుగుకు, ఒకటి రెండు రోజుల్లో ఎగబాకడం ఆ తారకు మామూలే. వారం నుంచి రెండు మూడు వారాల లోపు మళ్లీ దిగిపోతుంది, సగటున 50 రోజులకు ఒకసారి ఇది జరుగుతుంది. 1896లో హార్వర్డ్ వేధశాలలో లూయిసా వెల్స్ ఛాయాచిత్రాల పలకల మీద దీన్ని గుర్తించింది మొదలు ఒక్క పొంగును కూడా వదలకుండా పరిశీలకులు నమోదు చేస్తూ వచ్చారు. ఈ జాతిలో మొట్టమొదటిది అంతకు ముందే, 1855 డిసెంబరులో, మిథున రాశిలో జాన్ రస్సెల్ హైండ్‌కు కనిపించిన యు జెమినోరమ్.

ఇంగ్లీషులో ఔట్‌బర్స్ట్ అనే దీనిని నేను పొంగు అనడానికి కారణం ఉంది. పొయ్యి మీద పాలు పెట్టి చూస్తూ ఉంటే చాలాసేపు ఏమీ జరగదు. మీగడ కట్టిన తరువాత అడుగున పుట్టిన ఆవిరికి పైకి పోయే దారి మూసుకుపోతుంది, అప్పుడు ఒక్క క్షణంలో గిన్నె అంచు దాటుతుంది. మంట మాత్రం మొదటి నుంచి ఒకే తీరున ఉంది. బిళ్ళలో మీగడ పాత్రను హైడ్రోజన్ వహిస్తుంది. ప్రశాంతంగా ఉన్నప్పుడు బిళ్ళ కొన్ని వేల డిగ్రీల వేడిలోనే ఉంటుంది, హైడ్రోజన్ పరమాణువులు చెదరకుండా ఉంటాయి, వేడి సులభంగా బయటికి పోతుంది, ఒరిపిడి తక్కువ. అందువల్ల పక్క తార నుంచి వచ్చే పదార్థంలో కొంచెమే లోపలికి జారి, మిగిలింది బిళ్ళలోనే పోగుపడుతుంది. పోగుపడే కొద్దీ వేడి పెరిగి, ఎక్కడో ఒక చోట హైడ్రోజన్ అయనీకరణం చెందడం, అంటే పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు ఊడిపోవడం మొదలవుతుంది. అప్పుడు ఆ వాయువు వేడిని దాటనివ్వని తెరగా మారుతుంది. ఉష్ణోగ్రత కొంచెం పెరిగినా తెర మరెంతో మందమవుతుంది, తెర మందమైతే ఉష్ణోగ్రత ఇంకా పెరుగుతుంది. వేడెక్కిన భాగంలో ఒరిపిడి బలపడి పదార్థం లోపలికి దూకుతుంది. ఈ వేడి అల ఎండుగడ్డిలో నిప్పులా బిళ్ళ అంతటా పాకుతుంది. కొన్ని రోజులకు సాంద్రత తగ్గి బయటి అంచు చల్లబడగానే, ఈసారి చల్లదనపు అల లోపలికి పాకి అంతటినీ ఆర్పుతుంది. గిన్నె ఖాళీ కాదు. పోగుపడిన దానిలో కొంత భాగమే ఖర్చవుతుంది, మళ్లీ నిండడం మొదలవుతుంది.

బిళ్ళలోనే దోషం ఉందని 1974లో జపాను శాస్త్రజ్ఞుడు యోజీ ఒసాకి ప్రతిపాదించగా, ఎదుటి పక్షం వారు పదార్థాన్ని ఇచ్చే తారే ఉండి ఉండి ఎక్కువగా కుమ్మరిస్తుందని వాదించారు. అదే నిజమైతే ధార వచ్చి బిళ్ళ అంచును గుద్దే చోట పొంగుకు ముందు వెలుగు పెరగాలి. గ్రహణాలు పట్టే జంటల్లో ఆ చోటును విడిగా కొలవవచ్చు. అక్కడ అలాంటి పెరుగుదల కనిపించలేదు. హైడ్రోజన్ కారణమన్న వివరణ ఆ తరువాత తోడై ఒసాకి పక్షం గెలిచింది.

కానీ 1999లో హబుల్ దూరదర్శిని కొలతలు ఎస్‌ఎస్ సిగ్ని దూరాన్ని సుమారు 520 కాంతి సంవత్సరాలుగా చూపి ఈ సిద్ధాంతాన్ని ఇరకాటంలో పెట్టాయి. అంత దూరంలో ఉండి కూడా మనకు ఇంత ప్రకాశంగా కనిపిస్తోందంటే, బిళ్ళలోకి పదార్థం భారీగా వస్తూ ఉండాలి. అంత భారీగా వస్తే బిళ్ళ ఎల్లప్పుడూ వేడిగానే ఉండాలి, పొంగులే రాకూడదు. సిద్ధాంతం తప్పా, దూరం తప్పా అన్న సందేహం 2013 వరకు తీరలేదు. పొంగు వచ్చినప్పుడు ఈ తార కొద్దిగా రేడియో తరంగాలను వెలువరిస్తుంది. ప్రపంచం నలుమూలల ఔత్సాహిక పరిశీలకులు పొంగు మొదలైన వెంటనే కబురు అందించగా, రేడియో దూరదర్శినులను ఆ వైపు తిప్పి కొలిస్తే దూరం సుమారు 370 కాంతి సంవత్సరాలని తేలింది. ఆ తరువాత, తారల దూరాలు కొలిచే గయా ఉపగ్రహం కొలతలూ దానికే సరిపోయాయి. అలా సిద్ధాంతం నిలబడింది. ఇళ్ల డాబాల మీద నుంచి తారలను చూసిన మనుషుల సాయం లేకుండా ఆ కొలత సాధ్యమయ్యేది కాదన్న సంగతి నాకు ఎంతో ఇష్టమైనది.

బిళ్ళ మధ్యలో కృష్ణబిలం ఉన్నా ఇదే మూలసూత్రం. పొంగుల మధ్య విరామం మాత్రం చాలా ఎక్కువ. హంస మండలంలోనే ఉన్న వి404 సిగ్ని 1938లో, 1989లో, మళ్లీ 2015 జూన్‌లో పొంగింది. దాని వెలుగు నిమిషాల వ్యవధిలో ఎగసిపడడాన్ని చిన్న దూరదర్శినులు కూడా పట్టుకున్నాయి. అదే ఏడు సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్లిన మన అంతరిక్ష వేధశాల ఆస్ట్రోశాట్ చూసే వాటిలో ఇలాంటి ఎక్స్ కిరణాల జంటలు ముఖ్యమైనవి.

ప్రశ్న: బిళ్ళ ఫొటో ఎవరూ తీయలేదంటున్నారు. మరి అది బిళ్ళేనని, గోళమో మబ్బో కాదని ఎలా చెప్పగలరు?
– ఇంటర్ విద్యార్థిని, సీతమ్మధార

జవాబు: మంచి సందేహం, అమ్మా. శాస్త్రం చదివేవారు ఇలాగే అడగాలి. యు జెమినోరమ్ జంటలో రెండు తారల మధ్య దూరం మన సూర్యుడి వ్యాసం కంటే తక్కువ. నాలుగు గంటల పావులో ఒకదాని చుట్టూ ఒకటి తిరిగేస్తాయి. అంత చిన్నదాన్ని అంత దూరం నుంచి విడదీసి చూపే దూరదర్శిని లేదు. కాబట్టి ఆకారాన్ని వెలుగు నుంచే రాబట్టాలి.

ఒక ఆధారం వర్ణపటంలో ఉంది. తిరిగే బిళ్ళను పక్కనుంచి చూస్తే ఒక సగం మనవైపు వస్తూ, మరో సగం దూరంగా పోతూ ఉంటుంది. అందువల్ల హైడ్రోజన్ గీత ఒక్కటిగా కాక నీలం వైపు ఒకటి, ఎరుపు వైపు ఒకటిగా రెండు శిఖరాలతో కనిపిస్తుంది. మబ్బైతే అలా చీలదు. గ్రహణ సమయంలో ముందు ఒక శిఖరం, తరువాత రెండోది కప్పబడతాయి. బిళ్ళ ఏ దిక్కుకు తిరుగుతోందో కూడా దానితో తెలుస్తుంది.

రెండో ఆధారం గ్రహణమే. ముందున్న తార అంచు బిళ్ళ మీదుగా జరుగుతూ ఒక్కొక్క ముక్కనూ కప్పి మళ్లీ విప్పుతుంటే, వెలుగు ఎప్పుడు ఎంత తగ్గిందో క్షణక్షణం కొలిచి, ఏ ముక్క ఎంత వెలుగుతోందో వెనక్కి లెక్క కట్టవచ్చు. 1985లో కీత్ హార్న్ ఈ పద్ధతికి రూపం ఇచ్చారు. జెడ్ చామేలియాంటిస్ అనే తారకు దీన్ని వర్తింపజేసినప్పుడు, పొంగులో ఉన్నప్పుడు బిళ్ళ మధ్య నుంచి అంచుకు ఉష్ణోగ్రత సిద్ధాంతం చెప్పిన తీరులోనే తగ్గుతోందని తెలిసింది. ఆ తార దక్షిణ ధ్రువానికి మరీ దగ్గర కనుక విశాఖపట్నంలో ఎన్నడూ ఉదయించదు. యు జెమినోరమ్‌లో మరో విశేషం ఉంది. అక్కడ శ్వేత కుబ్జం అసలు కప్పబడదు, ధార గుద్దే వేడి మచ్చ, దానితో పాటు బిళ్ళలో కొంత భాగం మాత్రమే కప్పబడతాయి. ఆ మచ్చ మనవైపు తిరిగినప్పుడల్లా, వెలుగు మార్పును చూపే గ్రాఫులో మూపురం లాంటి ఎత్తు వస్తుంది.

ఇక, ఫొటో ఒక్కటీ లేదన్నమాట పూర్తిగా నిజం కాదు. బ్రహ్మహృదయం పక్కనే కంటికి కనిపించే ఎప్సిలాన్ ఆరిగే అనే తారను 27 ఏళ్లకు ఒకసారి ఒక భారీ ధూళి బిళ్ళ కప్పుతుంది, ఆ గ్రహణం దాదాపు రెండేళ్లు సాగుతుంది. 2009లో మొదలైన గ్రహణంలో, అమెరికాలోని చారా దూరదర్శినుల సమూహం ఆ నల్లని బిళ్ళ తార ముఖం మీదకు జరుగుతున్న చిత్రాన్ని తీసింది. ఆకారం మనం ఊహించినట్టే, పక్కనుంచి చూసిన అప్పడంలా ఉంది. ఆ తరువాతి గ్రహణం 2036లో మొదలవుతుంది. అప్పటికి మీరే కొలవవచ్చు.

ప్రశ్న: ఉత్తర కిరీట మండలంలో ఒక నోవా పేలబోతోందని వింటున్నాం. అది కూడా ఈ బిళ్ళ పొంగేనా?
– ఒక గృహిణి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: కాదు. బిళ్ళ పొంగులో మండేది ఏదీ లేదు, జారే పదార్థం వేడెక్కడమే ఉంది. నోవాలో, బిళ్ళ ద్వారా చేరి శ్వేత కుబ్జం ఒంటి మీద పేరుకున్న హైడ్రోజన్ పొర ఒక్కసారిగా అణు సంలీనంతో (పరమాణు కేంద్రకాలు కలిసిపోవడంతో) పేలుతుంది. మీరు విన్న టి కరోనా బోరియాలిస్ 1866లో, 1946లో అలా పేలి, మామూలుగా 10వ మాగ్నిట్యూడ్ ఉండేది 2వ మాగ్నిట్యూడ్‌కు చేరింది. రెంటి మధ్య ఎడం 80 ఏళ్లు, అందుకే మళ్లీ పేలుతుందని ఎదురుచూస్తున్నారు. తేదీ చెప్పే జ్యోతిషం మాత్రం ఎవరి దగ్గరా లేదు. స్వాతి నుంచి అభిజిత్ వైపు చూపు నడిపిస్తే మూడో వంతు దారిలో అర్ధచంద్రాకారంలో ఉండే చిన్న తారల గుంపే ఉత్తర కిరీటం. జూన్ నెలలో రాత్రి పది దాటాక మన ఊళ్లో దాదాపు నడినెత్తిన ఉంటుంది. ఆ ఆకారాన్ని ఇప్పుడే గుర్తు పెట్టుకుంటే, ఒక తార కొత్తగా చేరిన రాత్రి మీరే ముందుగా కనిపెట్టగలరు.

ప్రశ్న: నా దగ్గర ఒక మామూలు బైనాక్యులర్ ఉంది. పోర్టు దీపాలు, వీధి దీపాల మధ్య విశాఖలో ఉండి ఈ తారల విషయంలో ఏమైనా చేయగలమా?
– ఒక బ్యాంకు ఉద్యోగి, డాబాగార్డెన్స్

జవాబు: మీరు ఉంటున్న పేట పేరు చూసి నాకు ఎంతో సంతోషం కలిగింది. గోడే వెంకట జగ్గారావు అనే విశాఖ జమీందారు మద్రాసులో ఖగోళవేత్త టేలర్ దగ్గర నేర్చుకొని వచ్చి, 1840 ప్రాంతంలో మీ డాబాగార్డెన్స్‌లోనే సొంత ఖర్చుతో వేధశాల నెలకొల్పారు. ఆయన తరువాత అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని కొనసాగించి, 1874 డిసెంబరు 9న సూర్యబింబం మీదుగా శుక్రుడు దాటడాన్ని అక్కడి నుంచే గమనించారు. ఇక మన విషయానికి దగ్గరగా చెప్పాలంటే, హైదరాబాదు దగ్గరి జపాల్-రంగాపూర్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం 48 అంగుళాల దూరదర్శినితో గ్రహణాలు పట్టే జంట తారల వెలుగును ఏళ్ల తరబడి కొలిచింది. తెలుగు నేలకు ఈ విద్య కొత్త కాదు.

ఆకాశం సంగతి మీరు చెప్పింది నిజమే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వెళ్లిపోయాక కరెంటు లేని ఆ రాత్రుల్లో, ఇంటి చుట్టూ విరిగిన చెట్ల మధ్య నిలబడి, చంద్రుడు ఉదయించేలోపు ఈ నగరం మీద ఎన్ని నక్షత్రాలు ఉన్నాయో చూశాను. అలాంటి చీకటి మనకు మళ్లీ ఆ వెల పెట్టి రావద్దు. ఉన్న వెలుతురులోనే చేయదగిన పని ఉంది.

ఆల్గాల్‌తో మొదలుపెట్టండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు మబ్బులు తక్కువ, ఆ తార కూడా 67 డిగ్రీల ఎత్తు వరకు వస్తుంది. దాన్ని విడిగా చూసి ఇంత వెలుగు అని రాయకండి. కన్ను అలా కొలవలేదు. పోల్చడం మాత్రం చక్కగా చేయగలదు. 1.8 మాగ్నిట్యూడ్ ఉన్న మిర్ఫాక్, 2.9 ఉన్న ఎప్సిలాన్ పర్సీ, 3.8 ఉన్న కప్పా పర్సీలలో ఏ రెంటి మధ్య పడుతుందో, దేనికి దగ్గరో చూసి, గడియారం చూసి టైముతో సహా రాయండి. పక్కనే కనిపించే రో పర్సీని మాత్రం పోలికకు వాడవద్దు. దాని వెలుగే నిలకడగా ఉండదు, కొత్తవారు తరచూ దానితోనే పొరపడతారు. ఒక గ్రహణం దొరికిందంటే, మూడు రోజుల తరువాత అంతకు 3 గంటల 11 నిమిషాలు ముందుగా తరువాతిది వస్తుంది. అర్ధరాత్రి దాటాక దొరికినదాన్ని తరువాతి విడతలో పదింటికల్లా డాబా మీద కూర్చొని చూడవచ్చు. మీ అంచనాలను 1911లో ఏర్పడిన అమెరికా చర నక్షత్ర పరిశీలకుల సంఘానికి ఎవరైనా పంపవచ్చు. ఎస్‌ఎస్ సిగ్ని కబురు అందించిన వారిలో ఆ సంఘం పరిశీలకులే ముఖ్యులు.

ఆల్గాల్ అలవాటయ్యాక బీటా లైరే వైపు వెళ్లండి. నా దృష్టిలో కంటికి కనిపించే ఆకాశంలో దీనికి మించిన తార లేదు. అక్టోబరు, నవంబరు నెలల్లో చీకటి పడగానే పడమటి ఆకాశంలో అభిజిత్ పక్కన ఉంటుంది. పక్కనున్న గామా లైరేతో పోల్చి చూడండి. ఒక రాత్రి రెండూ సమానంగా ఉంటాయి, మరో రాత్రి బీటా స్పష్టంగా వెలవెలబోతుంది. దానికి స్థిరమైన వెలుగు అంటూ ఉండదు. గుడ్డులా సాగిన తార ఒకటి, తనకు నాలుగు రెట్లకు పైగా బరువున్న జోడుకు పదార్థాన్ని ఎడతెగకుండా ధారపోస్తోంది. పుచ్చుకునే తార ఆ పదార్థం కట్టిన మందపాటి బిళ్ళ వెనుక దాదాపు పూర్తిగా దాగిపోయింది. తేలికైనది బరువైనదానికి ఇస్తున్నందున రెంటి మధ్య దూరం పెరుగుతోంది, దానితో పాటు కక్ష్యాకాలం ఏడాదికి సుమారు 19 సెకన్లు పెరుగుతోంది. ఇప్పుడది దాదాపు 12.94 రోజులు. గుడ్రిక్ 1784లో దీని వెలుగు మార్పును కనిపెట్టినప్పుడు ఒక చుట్టుకు పట్టిన సమయం కంటే ఇప్పుడు గంటా పావు ఎక్కువ పడుతోంది.